పాత హాలోబాడీ గిటారు కొంటున్నారా? ఈఎస్-175ని చూసే పద్ధతి, వినే పద్ధతి

పాత జాజ్ గిటారు, అంటే లోపల బోలుగా ఉండే హాలోబాడీ, దొరికిందని ఫోను చేసే మిత్రులు ముందు ఫోటో పంపుతారు. "పాలిష్ చూశారా, ఎంత బావుందో!" అంటారు. నేను అడిగేది ఒక్కటే: బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే మెట్టు) పక్కనుంచి తీసిన ఫోటో ఉందా అని. ఈ అలవాటు నాకు ఊరికే రాలేదు. డెట్రాయిట్ పక్కన ఉద్యోగానికి చేరిన కొత్తలో ఒకాయన దగ్గర మెరిసిపోతున్న సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) ఈఎస్-175 ఒకటి కొన్నాను. ఆయన గదిలో తీగలు వేలికి మెత్తగా తగిలాయి, రెండు కార్డ్స్ వాయించగానే మనసు పారేసుకున్నాను. నాలుగు నెలలకి తీగలు పైకి లేచాయి. దించుదామని బ్రిడ్జి చక్రాలు తిప్పబోతే, అవి అప్పటికే అట్టడుగున ఉన్నాయి. దించడానికి ఇంకేమీ లేదు. నెక్ (గిటారు మెడ) ఊడదీసి, కోణం సరిచేసి, మళ్ళీ అతికించడానికి గిటారు ధరలో మూడో వంతు అయింది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. నేనే అడగలేదు.

కాబట్టి ఈ పని ఏ వరసలో చెయ్యాలో చెబుతాను. వరస ముఖ్యం. ముందే ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) తగిలించి వాయించారంటే ఇక కళ్ళు పనిచెయ్యవు.

ముందుగా, ఏం కొంటున్నారో తెలుసుకోండి

నేను చెప్పేదంతా గిబ్సన్ ఈఎస్-175ని దృష్టిలో పెట్టుకుని. మిగతా హాలోబాడీలకీ చాలావరకు ఇదే పద్ధతి. ఈ మోడల్ 1949లో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ ఫ్యాక్టరీలో మొదలైంది. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్, 175 అంటే అప్పట్లో దాని ధర, డాలర్లలో. మొదట పీ-90 అనే రకం పికప్ (తీగల కదలికని ఆంప్‌కి పంపే సంకేతంగా మార్చే భాగం) ఒకే ఒకదానితో వచ్చింది, 1953లో రెండు పికప్‌ల 175డీ వచ్చింది, 1957 నుంచి హంబకర్లు (హమ్ తగ్గించే పికప్‌లు) పెట్టారు. జాజ్ గిటారిస్టులు హెర్బ్ ఎలిస్, జో పాస్, జిమ్ హాల్, తర్వాతి తరంలో పాట్ మెథీనీ అందరూ దీన్ని వాయించినవాళ్ళే.

పైచెక్క సంగతి మొదటే అర్థం చేసుకోవాలి. మన బొబ్బిలి వీణని ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు కదా, గిబ్సన్‌లో ఎల్-5 లాంటి ఖరీదైన ఆర్చ్‌టాప్ (పైచెక్క వంపు తిరిగిన గిటారు) పైచెక్క కూడా అలాగే స్ప్రూస్ మొద్దుని చెక్కి తీసింది. 175ది అలా కాదు. పల్చటి చెక్క పొరలని అతికించి, అచ్చులో నొక్కి వంపు తెప్పించిన ప్లైవుడ్ అది. ప్లైవుడ్ అనగానే మొహం చిట్లించకండి. ఆ గట్టి పైచెక్క వల్లే ఆంప్ పక్కన నిలబడి వాయించినా గిటారు అంత తొందరగా ఊళ పెట్టదు. మనం రికార్డుల్లో విని ఇష్టపడ్డ ఆ పొట్టి, గుండ్రటి 'టుమ్' కూడా దాని చలవే. స్వరం పుట్టగానే పూర్తిగా పుడుతుంది, చప్పున తప్పుకుంటుంది, తర్వాతి స్వరానికి చోటిస్తుంది. సస్టెయిన్ (స్వరం ఎక్కువసేపు సాగడం) లేదని వంకపెట్టేవాళ్ళు వేరే గిటారు చూసుకోవడం మంచిది.

వెంట తీసుకెళ్ళాల్సినవి

పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం, టార్చి, స్టీలు స్కేలు, చవకరకం మల్టీమీటరు, దొంగనోట్లు చూసే అల్ట్రావయొలెట్ టార్చి, మీ సొంత కేబుల్. కేబుల్ మీదే ఎందుకంటే, గరగర వస్తే అది గిటారుదా వైరుదా అన్న అనుమానం ఉండకూడదు. ఇవి కాక, మొహమాటం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. మనవాళ్ళకి కష్టమైన అంశం ఇదే. టీ ఇచ్చి కూర్చోబెట్టిన మనిషిని "ఆ రెండు స్క్రూలు విప్పి చూడొచ్చా" అని అడగడానికి నోరు రాదు. అడగండి. నిజంగా గిటారు తెలిసినవాడైతే సంతోషిస్తాడు.

కేసు తెరవగానే వాసన చూడండి

నవ్వులాట కాదు. పాత పిక్‌గార్డులు (పైచెక్క మీద గీతలు పడకుండా పెట్టే పలకలు), అంచుపట్టీలు, తీగలు బిగించే ట్యూనర్ల పిడులు చాలావరకు సెల్యులాయిడ్. దాన్ని కర్పూరం కలిపి చేస్తారు. కేసు తెరవగానే సన్నగా హారతి కర్పూరం వాసన వస్తే భయం లేదు. ముక్కుకి ఘాటుగా, పుల్లగా కొడితే మాత్రం ఆ ప్లాస్టిక్ కుళ్ళడం మొదలైందని అర్థం. అది వదిలే ఆవిరి దగ్గర్లో ఉన్న లోహాన్నంతా తినేస్తుంది. పిక్‌గార్డు కింద పికప్ మూత ఆకుపచ్చగా చిలుమెక్కిందా, అంచుపట్టీకి ఆనుకున్న ఫ్రెట్ల (నెక్ మీది లోహపు మెట్ల) చివర్లు నల్లబడ్డాయా చూడండి. 1950లు, 60ల నాటి గ్రెచ్ గిటార్లలో అంచుపట్టీలు అప్పడంలా విరిగి రాలిపోవడం ఎక్కువ. 175లో అంత ఉండదు. ట్యూనర్ల ప్లాస్టిక్ పిడులు మాత్రం ముడుచుకుపోయి, ముట్టుకుంటే పొడిపొడి అవుతుంటాయి. అలాంటివి మార్చి ఉంటే కొంపేం మునగదు, పాతవి కేసులో ఉన్నాయా అని అడగండి. కొత్త ట్యూనర్ల కోసం హెడ్‌స్టాక్‌లో (ట్యూనర్లు ఉండే నెక్ చివరి భాగంలో) రంధ్రాలు పెద్దవి చేసి ఉంటే మాత్రం ధర తగ్గాలి.

నెక్ దగ్గర అరగంట గడపండి

అసలు పని ఇదే. గిటారుని ఒళ్ళో పెట్టుకుని పక్కనుంచి బ్రిడ్జిని చూడండి. పాత 175 బ్రిడ్జి రెండు ముక్కల రోజ్‌వుడ్. కింద పీఠం, పైన తీగలు ఆనే ముక్క, మధ్యలో రెండు ఇత్తడి చక్రాలు. పీఠానికీ పైముక్కకీ మధ్య కాస్త గాలి ఆడాలి, అంటే దించడానికీ ఎత్తడానికీ రెండు వైపులా చోటుండాలి. పైముక్క పీఠం మీద కూర్చుని ఉండి, తీగలు అప్పటికీ ఎత్తుగా ఉంటే, నా కథే మీ కథ. పైముక్క అడుగుని ఎవరైనా గీకి పల్చన చేశారా అన్నది కూడా చూడండి. నాకు అమ్మిన గిటారులో అదే జరిగింది. చక్కగా గీకి, నల్లరంగు పూశారు.

తర్వాత స్కేలు పెట్టి కొలవండి. పన్నెండో ఫ్రెట్ మీద నుంచి తీగ అడుగు దాకా, లావు తీగకి 2 మి.మీ., సన్న తీగకి 1.6 మి.మీ. చుట్టుపక్కల ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. ఇక లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో 14వ ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టండి. ఏడో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సన్నటి వెలుతురు కనిపించాలి, 0.2 నుంచి 0.3 మి.మీ. అంతే. విజిటింగ్ కార్డు మందం సుమారుగా అంత ఉంటుంది కాబట్టి దాన్నే దూర్చి చూడొచ్చు. వెలుతురు అసలే లేకపోతే నెక్ వెనక్కి వంగింది, కార్డు వదులుగా ఆడితే ముందుకు వంగింది. ఈ రెండూ ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల ఉండే లోహపు కమ్మీతో) సర్దుకునే జబ్బులే, ఆ రాడ్ బతికి ఉంటే.

అది బతికుందో లేదో తెలియాలంటే హెడ్‌స్టాక్ మీద గంట ఆకారపు మూతకున్న రెండు స్క్రూలు విప్పాలి. లోపల 5/16 ఇంచుల నట్ ఉంటుంది. దాన్ని మీరు తిప్పకండి, అమ్మేవాళ్ళనే పావు చుట్టు వదులు చేసి మళ్ళీ బిగించమనండి. మరలు అయిపోయేదాకా బిగించి ఉంటే, లేదా నట్ అంచులు అరిగి గుండ్రమై ఉంటే, ఎవరో ఎప్పుడో బలవంతం చేశారన్నమాట.

అక్కడే హెడ్‌స్టాక్ వెనకకి తిప్పండి. గిబ్సన్ గిటార్లకి ఆయువుపట్టు ఇదే. హెడ్‌స్టాక్ వెనక్కి, పాతవాటిలో 17 డిగ్రీల దాకా, వాలి ఉంటుంది, నెక్ ఎక్కువగా మహోగని, పైగా సరిగ్గా అక్కడే ట్రస్ రాడ్ నట్ కోసం చెక్క తొలిచారు. కేసులో ఉన్న గిటారు కేసుతో సహా వెల్లకిలా పడినా అక్కడ పుటుక్కుమంటుంది. గోరుని అడ్డంగా గీస్తూ పోండి, గీత తగులుతుందేమో. గదిలో దీపం ఆర్పి అల్ట్రావయొలెట్ టార్చి వెయ్యండి. పాత నైట్రోసెల్యులోజ్ లాకర్ ఆ వెలుతురులో పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. తర్వాత పూసిన లాకర్ ముదురు మచ్చలా తేలిపోతుంది. పగటిపూట కళ్ళకి ఏమీ కనిపించని చోట చీకట్లో ఒక నల్లటి పట్టీ బయటపడిందంటే, విరిగి అతికిందే. బాగా అతికిన నెక్ విరగనిదానిలాగే పలుకుతుంది. వాయించుకోవడానికే కొంటున్నవాళ్ళకి అది నిజానికి మంచి బేరం, అలాంటివాటి ధర సగం దాకా పడిపోతుంది. చెప్పి అమ్మితే కొనండి, దాచి అమ్మితే లేచి రండి.

చివరగా నెక్ వెనక, బాడీకి అతికిన చోట, ఒక కాగితం ముక్క దూరుతుందేమో చూడండి. దూరితే అతుకు విడుతోంది.

బాడీ

కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం కదా, ఇక్కడా అంతే. పైచెక్క మీద, వెనక మీద, అంచుల వెంబడి మెల్లగా కొడుతూ పోండి. 'టక్ టక్' అని గట్టిగా పలకాలి. ఎక్కడైనా జివ్వుమని చిన్న చప్పుడు కలిస్తే లోపల బద్ద ఊడింది. పైచెక్క కింద నిలువునా రెండు బద్దలు ఉంటాయి. ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి అద్దం దూర్చి, టార్చి వేసి వాటి అంచులు చూడండి. తర్వాత గిటారుని కంటి ఎత్తుకి లేపి, అడుగువైపు నుంచి పైచెక్క వంపుని చూడండి. బ్రిడ్జి కింద కుంగిందంటే ఎన్నో ఏళ్ళు లావు తీగల బరువు మోసిందన్నమాట.

కేబుల్ పెట్టే జాక్ 175కి పక్క చెక్కలో ఉంటుంది. వైరు మీద ఎవరో ఒకరు కాలు వేస్తారు, వేస్తే పల్చటి ఆ పక్క చెక్క పగులుతుంది. ఎనిమిది పాత గిటార్లు చూస్తే మూడింటికి నాకు అక్కడ పగులు కనిపించింది. చిన్నదైతే లోపలినుంచి పట్టీ వేయించుకుంటే చాలు.

లాకర్ మీద సాలెగూడులాంటి సన్న గీతలు మాత్రం జబ్బు కాదు. చలికీ ఎండకీ చెక్క కదిలితే లాకర్ తట్టుకోలేక చిట్లుతుంది. వాటిని పోగొడతానని ఎవరైనా మళ్ళీ లాకర్ వేయిస్తానంటే దణ్ణం పెట్టండి.

వయసు ఎంతో తేల్చడం

సీరియల్ నంబరు ఒక్కటీ నమ్ముకోకండి, 1960లలో గిబ్సన్ అవే నంబర్లు మళ్ళీ మళ్ళీ వేసింది. నాలుగు ఆనవాళ్ళు కలవాలి. ఎఫ్ రంధ్రంలోంచి కనిపించే లేబుల్ 1955 దాకా తెల్లది, ఆ తర్వాత నారింజ రంగుది. 1961కి ముందువాటికి లేబుల్ మీద నంబరు 'ఏ' అక్షరంతో మొదలవుతుంది. 1952 నుంచి 1961 దాకా లోపలి చెక్క మీద ఫ్యాక్టరీ సిరాతో ఇంకో ముద్ర వేసేది. దాని అక్షరాలు అక్షరమాల చివరినుంచి వెనక్కి నడుస్తాయి: 1952కి జడ్, 1953కి వై, అలా 1957కి యూ, 1961కి క్యూ. హెడ్‌స్టాక్ వెనక 'మేడ్ ఇన్ యూఎస్ఏ' అని చెక్కలోకి దిగేలా కొట్టి ఉంటే 1970 తర్వాతిది. 1965 ప్రాంతంలో నట్ (ఇక్కడ, హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 1 11/16 ఇంచుల నుంచి 1 9/16కి తగ్గించారు. ఎనిమిదో వంతు ఇంచు ఏపాటి అనుకోకండి. నా వేళ్ళు లావు, ఆ ఇరుకు నెక్ మీద ఏ కార్డూ శుభ్రంగా పడదు. 1968 గిటారు ఒకటి చవగ్గా వస్తే అందుకే వదులుకున్నాను.

ఇప్పుడు వినండి, ముందు ఆంప్ లేకుండా

నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోండి. పాట వాయించకండి. ఒక్కో తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి చివరిదాకా ఒక్కో స్వరం, అన్నీ ఒకే బలంతో. ఇరవై ఫ్రెట్లు, ఆరు తీగలు, పది నిమిషాల పని. ఎక్కడో ఒకచోట స్వరం పక్కవాటి కంటే తొందరగా చచ్చిపోతుంది. చెక్కతో చేసిన ఏ గిటారుకైనా ఒకటీ అరా ఉంటాయి. మూడు నాలుగు వరసగా ఉంటే ఫ్రెట్లు లేచాయేమో, బద్ద ఊడిందేమో మళ్ళీ చూడండి. జివ్వుమనే చప్పుడు వస్తే ఆ స్వరాన్నే వాయిస్తూ ఇంకో మనిషిని టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు పట్టే భాగం), పిక్‌గార్డు, ట్యూనర్లు ఒక్కొక్కటే వేలితో నొక్కమనండి. సగం చప్పుళ్ళు వదులైన ఒక స్క్రూ దగ్గరే దొరికిపోతాయి.

తీగలు ఏవో అడగండి. కొత్త రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన) తీగలు తగిలించిన 175 గలగలమంటుంది, దాన్ని విని గిటారుని తప్పుపట్టకండి. ఈ గిటారుకి ఫ్లాట్‌వౌండే (చదునైన పట్టీ చుట్టినవే), సన్న తీగ మందం ఇంచులో వెయ్యో వంతులు 12 అయినా ఉండాలి.

ఇక ఆంప్. రివర్బ్ (ప్రతిధ్వని) ఆపేసి, ట్రెబుల్ తగ్గించి, బాస్ సగంలో పెట్టి, నెక్ పికప్ మీద వాయించండి. గిటారు టోన్ బటన్ ముందు పూర్తిగా తెరిచి, తర్వాత మెల్లగా సగానికి తిప్పండి. స్వరం కంబళి కప్పుకున్నట్టు కాకుండా, అంచులు మెత్తబడి నడుము నిలబడాలి. జిమ్ హాల్ ఇదే 175ని గిబ్సన్ జీఏ-50 అనే చిన్న ఆంప్‌లో తక్కువ వాల్యూమ్‌లో వాయించేవాడు. ఆ రకం వినికిడి మనసులో పెట్టుకుంటే పెద్ద ఆంప్ ముందు మోసపోరు. తర్వాత వాల్యూమ్ పెంచుతూ పోండి. ఏదో ఒక లావు స్వరం దగ్గర గిటారు తనంతట తాను ఊళ మొదలుపెడుతుంది. అరచెయ్యి పైచెక్క మీద ఆనిస్తే ఆగాలి, ఆంప్‌కి పక్కగా తిరిగితే తగ్గాలి. మామూలు గదిలో మాట్లాడుకునేంత చప్పుడుకే మొదలైతే, లోపల ఏదో వదులుగా ఉంది.

పీ-90 అయితే కాస్త హమ్ ఉంటుంది, అది దాని స్వభావం. తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే. ముట్టుకున్నా ముట్టుకోకపోయినా ఒకేలా హోరుమంటుంటే టెయిల్‌పీస్‌కి వెళ్ళే ఎర్త్ వైరు తెగి ఉండొచ్చు. మల్టీమీటరు కేబుల్ చివర పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి చదవండి. 7 నుంచి 9 కిలో ఓమ్స్ మధ్య ఉంటే పికప్ ఆరోగ్యంగా ఉన్నట్టే. 500 చుట్టుపక్కల చూపిస్తే లోపల కాయిల్ తెగింది, మీటరు కొలుస్తున్నది వాల్యూమ్ బటన్‌ని.

బటన్లు తిప్పితే గరగర వస్తే ధర తగ్గించమని అడగకండి, అది శుభ్రం చేసుకునే విషయం. కానీ హాలోబాడీలో వాటిని బయటికి తీయడమంటే ఎఫ్ రంధ్రంలోంచే తీయాలి. నట్ విప్పే ముందు ఒక్కో బటన్ ఇరుసుకి గట్టి దారం కట్టి, దారం కొస బయట ఉంచుకోండి. లేకపోతే తిరిగి దాని రంధ్రంలోకి తెచ్చుకోవడానికి ఆదివారం మొత్తం పోతుంది. నాకు రెండు ఆదివారాలు పోయాయి.

కొన్నాక

అన్ని తీగలూ ఒకేసారి తీసెయ్యకండి. ఈ బ్రిడ్జికి జిగురు లేదు, తీగల బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చండి. ఇంటికి తెచ్చిన రోజే బ్రిడ్జి పీఠం చుట్టూ పెయింటర్లు వాడే నీలం టేపు నాలుగు చిన్న ముక్కలు అంటించి గుర్తు పెట్టుకోండి, పని అయ్యాక తీసెయ్యండి. పాత లాకర్ మీద టేపు రోజులతరబడి ఉంచితే పొర లేచొస్తుంది. బ్రిడ్జి జరిగిపోతే కంగారు లేదు. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కి 12⅜ ఇంచులు, అక్కడినుంచి బ్రిడ్జికి అంతే, ఇంకో రెండు మూడు మి.మీ. వెనక్కి. పన్నెండో ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగని నొక్కకుండా వేలు ఆనించి పలికించే స్వరం), అదే ఫ్రెట్ నొక్కి స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒకటయ్యేదాకా కొంచెం కొంచెంగా జరపండి. నొక్కిన స్వరం ఎక్కువ పలికితే బ్రిడ్జి వెనక్కి, తక్కువ పలికితే ముందుకి.

అమెరికాలో కొని ఇండియాకి తెచ్చుకోవాలనుకుంటే ఫ్రెట్‌బోర్డు కర్ర ఏమిటో ముందే తేల్చుకోండి. 1960ల మధ్య దాకా గిబ్సన్ వాడింది ఎక్కువగా బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి అది సైటిస్ (ప్రమాదంలో ఉన్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా దేశం దాటించకూడదు. తర్వాతి గిటార్లలో వాడిన ఇండియా రోజ్‌వుడ్‌కి ఆ బెడద లేదు, పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019 నుంచి మినహాయింపు ఉంది. మన దక్షిణాది అడవుల్లో పెరిగే చెట్టే అది, మిషిగన్ దాకా వెళ్ళి మళ్ళీ ఇంటికొస్తుంది.

ప్రయాణానికి ముందు తీగలు రెండు మూడు స్వరాలు వదులు చేసి, బ్రిడ్జికి అటూ ఇటూ, టెయిల్‌పీస్ కింద మెత్తటి బట్ట మడిచి పెట్టండి. హెడ్‌స్టాక్ కింద కేసులో ఖాళీ ఉంటే అక్కడా కుక్కండి, విరిగేది అక్కడే. మిషిగన్ చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో గాలి ఎండుటాకులా ఉంటుంది, విశాఖలో జూలైలో బట్టలు ఆరవు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్ళిన నెక్ రెండు మూడు వారాల పాటు కదులుతూనే ఉంటుంది. చేరిన రోజు కేసు తెరవకుండా ఒక రోజంతా అలాగే ఉంచండి. తర్వాత తీసి, తీగలు బిగించి, మళ్ళీ ఆ విజిటింగ్ కార్డుతో ఏడో ఫ్రెట్ దగ్గర చూడండి. తేడా కనిపించినా వెంటనే ట్రస్ రాడ్ జోలికి వెళ్ళకండి. మూడు వారాలు వాయిస్తూ ఉండండి, అప్పటికీ కుదురుకోకపోతే పావు చుట్టు తిప్పి, మర్నాడు మళ్ళీ కొలవండి.